అమ్మకు థైరాయిడ్ పరీక్ష: ఒక్క అంకె చాలదు

గత సంవత్సరం వానాకాలంలో ఒక సాయంత్రం రహమత్ నగర్ నుండి ఒక విశ్వాసి నన్ను కలవడానికి గుడికి వచ్చాడు. సినిమా యూనిట్లలో లైట్‌మన్‌గా పనిచేస్తాడు. తెల్లవారుజామున కృష్ణానగర్ చేరి యూనిట్ బండి ఎక్కితే మళ్ళీ ఇల్లు చేరేది ఏ రాత్రికో. భార్య ఫిలింనగర్‌లో రెండిళ్ళలో వంట చేస్తుంది. "ఫాదర్, మా అమ్మకు వృద్ధాశ్రమంల సీటు కావాలె. విచారణ గురువు ఉత్తరం తెమ్మన్నరు" అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ తల ఎత్తలేదు.

ఆ తల్లి నాకు బాగా తెలుసు. వయసు అరవై ఒకటి. నల్లగొండ జిల్లాలో ఒక పల్లె నుండి కొడుకు దగ్గరకు వచ్చి చాలా కాలమైంది. ఒకప్పుడు మా గుడిలో జపమాల మొదలుపెట్టేది ఆమె గొంతే. రెండు మూడేళ్ళుగా ఆ గొంతు బొంగురుపోయింది. మొహం పాలిపోయి ఉబ్బింది. మే నెల ఎండల్లో కూడా దుప్పటి కప్పుకునేది. అడిగిన మాటకు జవాబు చెప్పడానికి ఎంతోసేపు పట్టేది. స్టవ్ వెలిగించి మరచిపోయేది. రెండుసార్లు స్పృహ తప్పి పడిపోతే దగ్గరలోని ఒక నర్సింగ్ హోంలో చేర్చారు. "ఒంట్లో ఉప్పు తగ్గింది" అని సెలైన్ ఎక్కించి పంపించారు. చివరికి ఒక డాక్టరు మతిమరుపు జబ్బు మొదలైందని చెప్పాడట. ఇంట్లో పగలంతా ఎవరూ ఉండరు. స్టవ్ భయం. కొడుకు వచ్చి ఉత్తరం అడగడంలో తప్పేముంది?

నేను చేసిన పని కూడా చెప్పాలి. ఆమె పడిపోయినప్పుడు వెళ్ళి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇచ్చాను. కుటుంబంతో "వయసు మీద పడింది, ఓర్చుకోవాలి" అన్నాను. అరవై ఒకటి అంటే నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంతే. సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం ప్రార్థననూ వైద్యుణ్ణీ పక్కపక్కనే నిలబెట్టింది. నేను ఆ అధ్యాయంలో సగమే పాటించాను. అడిగిన ఉత్తరం కూడా ఆ సాయంత్రమే రాసి ఇచ్చాను.

ఆ ఉత్తరానికి జతచేయడానికి తెచ్చిన రిపోర్టుల కట్టను మా విచారణలో రోగులను చూసే నర్సు సిస్టరుకు ఇచ్చాను. ఆమె ఒక్కొక్క కాగితం తిప్పి "థైరాయిడ్ చూపించారా?" అని అడిగారు. "చూపించినం సిస్టర్, నార్మల్ అన్నరు" అన్నాడు కొడుకు. నిజమే. కాగితం మీద ఒకే ఒక్క పరీక్ష ఉంది. టి.ఎస్.హెచ్. 2.8. పక్కనే ఉండవలసిన పరిమితి కూడా అచ్చు వేసి ఉంది. అంకె దాని లోపలే ఉంది.

"దీనితో సగమే తెలుస్తుంది" అన్నారు సిస్టరు.

ఆ సగం ఏమిటో, మిగతా సగం ఏమిటో తెలిస్తే మీ ఇంట్లో అమ్మకో నాన్నకో ఉపయోగపడుతుందని ఈ వారం ఇది రాస్తున్నాను.

గొంతు కింది భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండేది థైరాయిడ్ గ్రంథి. బడి పుస్తకాల్లో అవటు గ్రంథి అని చదువుకున్నాం. ఇది టి4, టి3 అనే హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. ఒంట్లో వేడి, గుండె వేగం, పేగుల కదలిక, మెదడు చురుకు, చర్మం, జుట్టు అన్నీ వీటిమీద ఆధారపడతాయి. అయితే ఈ గ్రంథికి పైన ఒక మేస్త్రీ ఉన్నాడు. మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి. థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే ఈ మేస్త్రీ కేకలు పెంచుతాడు. ఆ కేకల పేరే టి.ఎస్.హెచ్. అందుకే థైరాయిడ్ మందగించినప్పుడు రక్తంలో టి4 తగ్గి, టి.ఎస్.హెచ్. పెరుగుతుంది. పెద్దవారిలో సాధారణంగా టి.ఎస్.హెచ్. 0.4 నుండి 4.5 దాకా ఉంటే సరిగా ఉందంటారు. ప్రయోగశాలను బట్టి ఈ హద్దులు కొంచెం మారతాయి.

ఎక్కువమందిలో జబ్బు థైరాయిడ్‌లోనే ఉంటుంది కాబట్టి టి.ఎస్.హెచ్. ఒక్కటి చూస్తే దొరికిపోతుంది. ఖర్చు తక్కువని డాక్టర్లు మొదట అదే రాస్తారు. అందులో తప్పు లేదు. కాని జబ్బు మేస్త్రీకే వస్తే? కేక వేయవలసినవాడే మూలపడితే కింద పని ఆగిపోయినా కేక వినిపించదు. టి4 పడిపోయి ఉంటుంది, టి.ఎస్.హెచ్. మాత్రం "నార్మల్" అని అచ్చవుతుంది.

రామంతాపూర్ సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో తర్కం పాఠంలో పొగ, నిప్పు ఉదాహరణ లేకుండా ఒక్క వారం గడిచేది కాదు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. మరి పొగ లేదు కాబట్టి నిప్పు లేదనవచ్చునా? అనకూడదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండులో పొగ ఉండదు, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మన పూర్వపు తార్కికులు చెప్పిన ఉదాహరణ ఇది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నలభై ఏళ్ళ తర్వాత ఒక తల్లి రిపోర్టు చేతిలో పట్టుకుని అదే తప్పు చేశాను.

కొడుకు ఒకరోజు పని మానుకుని, సిస్టరును వెంటబెట్టుకుని తల్లిని ఒక పెద్ద ఆసుపత్రిలో గ్రంథుల వైద్య విభాగానికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ రిపోర్టులను పక్కన పెట్టి ముందుగా తల్లినే అడిగారట. "మీకు ఎందరు పిల్లలు? ఆఖరి కాన్పు ఎక్కడ జరిగింది? రక్తం ఎక్కువ పోయిందా? బిడ్డకు పాలు పడ్డాయా?" తల్లి మెల్లగా "యాదికి లేదు బిడ్డా" అంది. కొడుక్కు అసలే తెలియదు. అప్పటికి అతనికి మూడేళ్ళు.

చెప్పగలిగింది ఊళ్ళో ఉన్న పెద్దమ్మ. ఫోను చేస్తే కథంతా బయటపడింది. ముప్పై అయిదేళ్ళ కిందట రెండో కాన్పు ఇంట్లోనే మంత్రసాని చేతుల మీద జరిగింది. మాయ సగం లోపలే ఉండిపోయి రక్తం ఆగలేదు. ఎడ్ల బండిలో వేసుకుని పట్నం ఆసుపత్రికి చేర్చేసరికి మనిషి తెల్లగా పాలిపోయింది. బతికింది. బిడ్డ దక్కలేదు. ఆమెకు ఒక్క చుక్క పాలు పడలేదు. నెలసరి మళ్ళీ రానే లేదు. బిడ్డ పోయిన దుఃఖంలో పాల సంగతి ఎవరు పట్టించుకుంటారు? మూడో కాన్పు లేకపోయినా "దేవుడు ఒక్కణ్ణే ఇచ్చాడు" అనుకున్నారు.

దీనిని షీహాన్ వ్యాధి అంటారు. హెరాల్డ్ షీహాన్ అనే ఇంగ్లాండు వైద్యుడు 1937లో దీని గురించి వివరంగా రాశాడు. గర్భం మోసేటప్పుడు పీయూష గ్రంథి పెరుగుతుంది, దానికి రక్తం ఎక్కువ కావాలి. కాన్పులో విపరీతంగా రక్తం పోతే మొదట ఎండిపోయే వాటిలో అదొకటి. పాల హార్మోను, నెలసరి నడిపే హార్మోన్లు, థైరాయిడ్‌ను లేపే టి.ఎస్.హెచ్., ఆపదలో ఒంటిని నిలబెట్టే కార్టిసోల్‌ను పుట్టించే హార్మోను, అన్నీ అక్కడివే. కొందరికి ఇది కొద్దిగా మాత్రమే దెబ్బతిని, మెల్లమెల్లగా తగ్గుతూ పది ఇరవై ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. మాటిమాటికీ ఒంట్లో సోడియం పడిపోవడం దీని గుర్తుల్లో ఒకటి. కాశ్మీరులో పిల్లల తల్లులను పరీక్షించి 2005లో ప్రచురించిన ఒక పరిశీలనలో నూటికి సుమారు ముగ్గురిలో ఇది కనిపించింది. వారిలో చాలామంది ఇళ్ళలో కాన్పు అయినవారే. మన పల్లెల్లో మన అమ్మల తరం కాన్పులు ఎక్కడ జరిగాయో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆమెకు టి4, ఉదయం ఎనిమిది గంటల కార్టిసోల్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేశారు. మూడూ అడుగంటి ఉన్నాయి. ఎం.ఆర్.ఐ. తీస్తే పీయూష గ్రంథి ఉండవలసిన గూడు దాదాపు ఖాళీగా ఉంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఇలాంటి రోగికి థైరాయిడ్ మాత్ర ముందుగా ఇవ్వకూడదు. కార్టిసోల్ లేని ఒంటికి థైరాయిడ్ హార్మోన్ ఇస్తే ఒంటి పని వేగం పెరుగుతుంది, ఉన్న కొద్ది కార్టిసోల్ కూడా ఖర్చయిపోతుంది. ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డాక్టరమ్మ మొదట స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టి, కొద్దిరోజుల తర్వాతే థైరాయిడ్ మాత్ర చిన్న మోతాదులో ఇచ్చారు. "మా కోడలు వేసుకునే మాత్రలే అమ్మకూ ఇస్తున్నాం" అని నాతో చెప్పిన కుటుంబాలు ఒకటికి రెండున్నాయి. దయచేసి ఆ పని చేయకండి.

ప్రియ పాఠకులారా, ఇది చదివి ప్రతి ఇంట్లో షీహాన్ వ్యాధి వెతకమని నా ఉద్దేశం కాదు. మీ అమ్మకు ఉన్నది చాలామటుకు మామూలు థైరాయిడ్ లోపమే అయి ఉంటుంది. "గొంతు వాచలేదు కదా ఫాదర్, థైరాయిడ్ ఎక్కడిది?" అని కొందరు అడుగుతారు. గొంతు వాపు పాత కాలంలో అయోడిన్ లేకపోవడం వల్ల ఎక్కువగా వచ్చేది. మన శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు 1950ల నుండి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో ఏళ్ళ తరబడి పనిచేసి, ఉప్పులో అయోడిన్ కలిపితే ఆ వాపు తగ్గుతుందని ఊళ్ళకు ఊళ్ళలో నిరూపించారు. ఈనాడు మన వంటింట్లో అయోడిన్ ఉప్పు ఉండడం వెనుక ఆ తెలుగువాడి శ్రమ ఉంది. ఇప్పుడు మన నగరాల్లో థైరాయిడ్ మందగించడానికి ముఖ్య కారణం వేరు. ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున ఆ గ్రంథిమీద దాడి చేయడం. జపాను వైద్యుడు హషిమోతో 1912లో దీనిని గుర్తించాడు. ఇందులో గొంతు వాయవచ్చు, వాయకపోవచ్చు.

పెద్దవారిలో గుర్తులు దొంగల్లా వస్తాయి. మలబద్ధకం, చలి, చెవుడు, చర్మం పొడిబారడం, మతిమరుపు, దిగులు. ఇవన్నీ ముసలితనం ఖాతాలోకే పోతాయి. కొలెస్టరాల్ ఒక్కసారిగా పెరిగినా దాని వెనుక థైరాయిడ్ ఉండవచ్చు. ఇంకొక తమాషా, థైరాయిడ్ ఎక్కువైన పెద్దవారు కొందరు చురుకుగా కాక నీరసంగా, దిగులుగా కనిపిస్తారు. బరువు తగ్గి, గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే డాక్టర్లు అటువైపు కూడా చూస్తారు. గుండెకు అమియోడరోన్, మానసిక రోగానికి లిథియం వాడేవారి థైరాయిడ్ దెబ్బతినే అవకాశం ఉంది. కాబట్టి డాక్టరు దగ్గరకు పోయేటప్పుడు అమ్మ వాడే మాత్రలన్నీ, ఖాళీ అట్టలతో సహా, ఒక సంచిలో వేసుకుపోండి. జుట్టుకనీ గోళ్ళకనీ బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే అది కూడా చెప్పండి. ఎక్కువ మోతాదు బయోటిన్ ఈ రక్తపరీక్షలను తారుమారు చేస్తుంది, రెండు మూడు రోజుల ముందే మానాలి. తీవ్రమైన జబ్బుతో ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు చేసిన థైరాయిడ్ పరీక్ష కూడా తప్పుదారి పట్టించగలదు. కోలుకున్న తర్వాత మళ్ళీ చేయించమని అడగండి.

పరీక్ష ఖర్చు గురించి. తెలంగాణ ప్రభుత్వం 2018లో బస్తీ దవాఖానాలనూ, అదే సంవత్సరం నారాయణగూడ ఐ.పి.ఎం. ఆవరణలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ ప్రయోగశాలనూ ప్రారంభించింది. దవాఖానాలో రక్తం తీసి అక్కడికి పంపుతారు. ఉచిత పరీక్షల జాబితాలో థైరాయిడ్ కూడా చేర్చారు. టి.ఎస్.హెచ్. ఒక్కటే కాదు, టి4 కూడా కావాలని నోరు విప్పి అడగండి. లోతుగా చూడవలసి వస్తే పంజాగుట్టలోని నిమ్స్‌లో, ఉస్మానియాలో గ్రంథుల వైద్య విభాగాలు ఉన్నాయి. రహమత్ నగర్ నుండి నిమ్స్ ఎంత దూరం? పొద్దున పోయి వరుసలో నిలబడాలి, అదే కష్టం.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతోంది. టి.ఎస్.హెచ్. 6 అని రాగానే డెబ్బై అయిదేళ్ళ తాతకు జీవితాంతం మాత్ర రాయించుకుంటారు. వయసుతో పాటు టి.ఎస్.హెచ్. కొద్దిగా పెరగడం సహజం. టి4 సరిగా ఉండి టి.ఎస్.హెచ్. స్వల్పంగా పెరిగిన 65 ఏళ్ళు పైబడినవారికి మాత్రలు ఇచ్చి చూసిన ఒక పెద్ద ఐరోపా పరిశోధన 2017లో వెలువడింది. మాత్రలవల్ల నీరసం తగ్గినట్లు కనిపించలేదు. అలాంటప్పుడు రెండు మూడు నెలలాగి మళ్ళీ పరీక్షించడమే చాలామంది వైద్యుల పద్ధతి. టి.ఎస్.హెచ్. 10 దాటినా, టి4 తగ్గినా సంగతి వేరు. అవసరం లేని మాత్ర, లేదా ఎక్కువైన మోతాదు, పెద్దవారిలో గుండె లయ తప్పిస్తుంది, ఎముకలను పలచబరుస్తుంది.

మాత్ర అవసరమైనవారి సంగతికి వస్తాను. దాని పేరు లెవోథైరాక్సిన్. మన గ్రంథి తయారుచేసే టి4 లాంటిదే. 1914లో సరిగ్గా క్రిస్మస్ రోజున అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ ఈ హార్మోనును మొదటిసారి విడిగా తీశాడు. పండుగనాడు కూడా ప్రయోగశాలలో ఉన్నాడన్నమాట. పెద్దవారికి, ముఖ్యంగా గుండెజబ్బు ఉన్నవారికి, 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మోతాదు మార్చిన ప్రతిసారీ ఆరు నుండి ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష చేయాలి. "నాలుగేళ్ళ కింద రాసిన చీటీ, అదే వాడుతున్నాం" అనేవారు వెంటనే పరీక్ష చేయించుకోండి.

పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలి. టీకి అరగంట, వీలైతే గంట ముందు. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మన ఇళ్ళలో మందులన్నీ ఒకే గుప్పెట్లో పోసి టీతో మింగించేస్తాం. మందు పనిచేయడం లేదని మోతాదు పెంచుకుంటూ పోతాం. సీసాను స్టవ్ దగ్గరి అలమారలోనో, ఎండ పడే కిటికీలోనో పెట్టకండి.

మా లైట్‌మన్ ఇంట్లో ఈ బాధ్యత అతనే తీసుకున్నాడు. షూటింగుకు పోయేముందు చీకట్లోనే తల్లిని లేపి థైరాయిడ్ మాత్ర మింగిస్తాడు. స్టెరాయిడ్ మాత్ర కోడలు టిఫినుతో ఇస్తుంది. ఒక చీటీ మీద డాక్టరమ్మ చెప్పినవి రాసి గోడకు అంటించారు. స్టెరాయిడ్ ఒక్కరోజు కూడా మానకూడదు. జ్వరం వస్తే డాక్టరు చెప్పిన ప్రకారం మోతాదు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంట్లో ఉంచకుండా ఆసుపత్రికి తీసుకుపోయి ఇంజెక్షను ఇప్పించాలి. ఈ జబ్బులో మందు సరిపోయిందో లేదో టి.ఎస్.హెచ్. చెప్పదు, టి4 చూడాలి. ఆ మాట కూడా పెద్ద అక్షరాలతో రాసి ఉంది, ఎందుకంటే ఈ సంగతి తెలియని వేరే డాక్టరు ఎవరైనా టి.ఎస్.హెచ్. తక్కువగా ఉందని మాత్ర తగ్గించే ప్రమాదం ఉంది.

నెలన్నర తర్వాత అతను నా ఉత్తరం తిరిగి తెచ్చి ఇచ్చాడు. ఆమె మతిమరుపు పూర్తిగా పోయిందని చెప్పను. కొన్ని పేర్లు ఇంకా తడుముకుంటుంది. కాని స్టవ్ ఆర్పుతుంది, మనవడికి అన్నం కలిపి పెడుతుంది, కోడలితో కూర విషయంలో వాదిస్తుంది. మొన్న తపస్సు కాలంలో గుడి మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఫాదరూ, శుక్రవారం ఒక్కపొద్దుంటున్న, ఆ గోలీలు బంజేస్తా?" అని అడిగింది.

మరికొందరికీ ఈ సందేహం ఉండవచ్చు కాబట్టి జవాబు ఇక్కడే రాస్తున్నాను. తిరుసభ చట్టం ప్రకారం ఉపవాస బాధ్యత 59 ఏళ్ళు నిండగానే ముగుస్తుంది, రోగులకు అసలే లేదు. దివ్యసత్ప్రసాదం స్వీకరించే ముందు పాటించే ఒక గంట ఉపవాసాన్ని మంచినీళ్ళు గాని మందులు గాని భంగపరచవు. ఉదయం పూజకు వచ్చేవారు ఇంట్లో థైరాయిడ్ మాత్ర వేసుకునే రావచ్చు. వృద్ధులకు, రోగులకు, వారిని చూసుకునేవారికి ఆ గంట నియమం కూడా వర్తించదు. పూజ అయ్యాక టీ తాగవచ్చు, అప్పటికి మాత్రకూ టీకీ మధ్య ఉండవలసిన సమయం కూడా అయిపోతుంది.